మోకాళ్ల నొప్పికి వావిలాకు కషాయం తాగవచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది కవిటి మండలం. కొబ్బరి తోటలో పనికి వెళ్తాను. మోకాళ్లు విపరీతంగా నొప్పి పెడుతున్నాయి. నొప్పి మాత్రలతో కిడ్నీలు పాడవుతాయని మానేశాను. వావిలాకు కషాయం తాగమని, కాయల పొడి తినమని ఊళ్లో చెబుతున్నారు. వాడవచ్చా?

జవాబు: వావిలాకుతో కాపడం పెట్టుకోండి. కషాయం, కాయల పొడి మాత్రం కిడ్నీ పరీక్షలు చేయించుకోకుండా తీసుకోవద్దు.

ఆకు అడుగున బూడిద తెలుపు, నలిపితే ఘాటైన వాసన, పండితే మిరియాల్లా నల్లబడే కాయలు ఉండే ఈ పొద మన శ్రీకాకుళం జిల్లాలో పొలం గట్ల మీద, గెడ్డల పక్కన విరివిగా పెరుగుతుంది. బాలింతలకు దీని ఆకు మరిగించిన నీళ్లతో స్నానం చేయించడం మన పెద్దలు చాలాకాలంగా పాటిస్తున్న మంచి అలవాటు. ఆయుర్వేదంలో నిర్గుండి అంటే ఇదే. ఆకు సారం వాపును తగ్గిస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది గానీ, కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి ఎంత మోతాదు క్షేమమో ఆ ప్రయోగాలు చెప్పవు.

లేత ఆకులను ఆముదంలో వెచ్చచేసి, గుడ్డలో మూటకట్టి, ముందుగా మోచేతి మీద వేడి చూసుకుని, మోకాలి చుట్టూ పది పదిహేను నిమిషాలు కాపండి. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కేవారికి వేడి తెలియదు కనుక వేరొకరి చేత పెట్టించుకోవాలి.

మాత్రలు మానేసి మంచి పని చేశారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కిడ్నీలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. అయితే ఆకు, వేరు అన్న మాత్రాన అన్నీ నిరపాయం కావు. ఈశ్వరి, గాడిదగడప మొక్కల జాతికి చెందిన ఒక మూలిక కలిసిన బిళ్లలు వాడి 1990లలో బెల్జియంలో ఎందరో కిడ్నీలు పోగొట్టుకున్నారు. వావిలిలో ఆ విషం లేదు. కానీ పొట్లం కట్టి అమ్మే పొడిలో ఇంకేం కలిసిందో మీకు తెలియదు, నాకు ఆందోళన అక్కడే.

మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బులో తొలిదశలో కాళ్లవాపు లేకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకపోవచ్చు. కాబట్టి మూత్ర పరీక్షతో సరిపెట్టుకోకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) ఎంతుందో తప్పక చూపించుకోండి. అది ఎక్కువగా ఉంటే పలాసలోని కిడ్నీ ఆసుపత్రికి వెళ్లండి. ఇంతవరకు వాడిన మాత్రల అట్టలు, పొడుల పొట్లాలు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.