వార్డులో మొదటి రోజు: చేతులు వణుకుతుంటే ఏం చేయాలి?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది చదువుతున్నాను. వచ్చే సోమవారం నుంచి ప్రభుత్వాసుపత్రిలో మెడికల్ వార్డు పోస్టింగ్. ల్యాబ్‌లో మానికిన్ (మనిషి బొమ్మ) మీద అన్నీ చేశాను గానీ, నిజం మనిషి చెయ్యి పట్టుకోవాలంటే నిద్ర పట్టట్లేదు. బీపీ వినపడకపోతే? రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోతే?
- ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ధైర్యంగా ఉండమని చెప్పినంత మాత్రాన ధైర్యం రాదు. మీరు రాసిన భయాలు రెండే. రెండింటికీ సోమవారం లోపు చేసుకోగల పనులున్నాయి.

ముందు బీపీ సంగతి. వినపడకపోవడానికి చెవి లోపం చాలా అరుదు. ఎక్కువసార్లు స్టెతస్కోప్ చెవి మొనలు వెనక్కి తిరిగి ఉంటాయి. అవి ముక్కు వైపుకి వంగి ఉండాలి. లేదంటే చెస్ట్‌పీస్, అంటే పేషెంటుకు ఆనించే గుండ్రటి బిళ్ల, రెండో వైపుకి తిరిగి ఉంటుంది. పెట్టే ముందు వేలితో ఒకసారి తట్టి చూస్తే తెలిసిపోతుంది. చేతికి చుట్టే పట్టీ, అంటే కఫ్, కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన, అంటే సుమారు రెండున్నర సెంటీమీటర్ల పైన ఉండాలి. మడతలో చిటికెన వేలి వైపు నాడి వెతికి పట్టుకుని, చెస్ట్‌పీస్ సరిగ్గా అక్కడే ఆనించాలి. దాన్ని కఫ్ కింద దూర్చొద్దు.

నేరుగా వినడం మొదలుపెట్టకండి. మొదట మణికట్టు నాడి మీద వేళ్లుంచి, నాడి ఆగేదాకా గాలి కొట్టండి. ఆ అంకె గుర్తుపెట్టుకుని గాలంతా వదిలేయండి. ఒక నిమిషం ఆగి, ఆ అంకెకు 30 ఎక్కువ దాకా కొట్టి, సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున దించండి. మొదట వినపడిన చప్పుడు పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. కంగారులో అందరూ చేసే తప్పు గాలి వదిలే వాల్వు ఒక్కసారిగా తిప్పేయడం. ముల్లు సర్రున జారిపోయాక వినడానికి ఏమీ మిగలదు. అప్పుడు మధ్యలో మళ్లీ గాలి కొట్టొద్దు. మొత్తం వదిలేసి, నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

రెండోసారీ వినపడలేదా? ‘వినపడలేదు మేడమ్, ఒకసారి చూస్తారా?’ అని అడగండి. మొదటి వారంలో పుట్టే దుర్బుద్ధి ఒకటుంది: 120/80 అని రాసేయడం. తడబడినందుకు ఏ ట్యూటరూ పెద్దగా పట్టించుకోరు. దొంగ అంకె రాస్తే మాత్రం దాన్ని చూసి డాక్టరు మందు మారుస్తారు. సోమవారం లోపు హాస్టల్లో రోజుకి పదిమంది చేతులు పట్టుకోండి. సన్న చేతులు, లావు చేతులు రెండూ దొరికేలా చూసుకోండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇక కళ్లు తిరగడం. రక్తం చూసినప్పుడు కొందరికి గుండె వేగం తగ్గి, రక్తనాళాలు సడలి, రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. మెదడుకి చాలక పడిపోతారు. ఇది పిరికితనం కాదు, శరీరం చేసే పని. ఏడింటి బస్సు అందుకోవాలని టిఫిన్ మానేసిన రోజున, మాస్కుతో ఉక్కపోతలో గంటసేపు కదలకుండా నిలబడిన రోజున ఎక్కువగా వస్తుంది. అందుకని నాలుగు ఇడ్లీలైనా తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి బయల్దేరండి. మోకాళ్లు బిగబట్టి నిలబడొద్దు. ఆవులింతలు, చల్లటి చెమట, చెవుల్లో హోరు మొదలైతే కాళ్లు ఒకదానిమీదొకటి మెలేసి తొడలు గట్టిగా బిగించండి. తగ్గకపోతే డ్రెస్సింగ్ ట్రేకి దూరంగా జరిగి, గోడవారగా నేల మీదే కూర్చోండి. బయటికి పరిగెత్తొద్దు, తలకు దెబ్బలు తగిలేది అలాంటప్పుడే. పక్కనున్న స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: పేషెంటు దగ్గరికెళ్లి ఏమని మొదలుపెట్టాలి? వాళ్లు వద్దంటే?
- జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ‘పెద్దమ్మా, నేను నర్సింగ్ స్టూడెంట్‌ని. బీపీ చూస్తాను, చెయ్యి ఇస్తారా?’ చాలు. పేరు మీరు చెప్పి అవునా అనొద్దు. జ్వరంలో ఉన్నవాళ్లు దేనికైనా తలూపుతారు. ‘మీ పేరేంటి?’ అని వాళ్ల నోటితోనే చెప్పించి, కేస్‌షీటుతో సరిచూసుకోండి. మంచం నంబరు నమ్మొద్దు, మంచాలు మారుతుంటాయి. వద్దంటే ‘సరేనమ్మా, తర్వాత వస్తాను’ అని ఇన్‌చార్జి సిస్టర్‌కి చెప్పండి. శ్వాస లెక్కపెడుతున్నట్టు మాత్రం చెప్పకండి, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూసిన చెయ్యి వదలకుండా, అదే పట్టులో ఇంకో నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టండి. అందుకే సెకన్ల ముల్లున్న వాచీ కావాలి.

ప్రశ్న: వార్డు పోస్టింగ్‌కి వెళ్లే మా అమ్మాయికి వాడిన సూది గుచ్చుకుంటే?
- ఒక తండ్రి, అనంతపురం

జవాబు: సబ్బు, ధారగా పారే నీళ్లతో కడగాలి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే లాభం ఉండదు. తిడతారని దాచిపెడితే ఆ గడువు గడిచిపోతుంది. సూదికి మూత మళ్లీ పెట్టబోవడం గుచ్చుకోవడానికి ఒక ముఖ్య కారణం. మూత పెట్టకుండా సూదుల కోసం ఉంచే తెల్ల డబ్బాలో వేసేయాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మీ అమ్మాయికి ఎన్ని పడ్డాయో పోస్టింగ్‌కి ముందే కార్డు తీసి చూడండి.