‘అంచనా తప్పు’ను అంచనా వేయడం ఎలా?

సందేహం: హైదరాబాద్‌లో ఇళ్ల అద్దెలను ముందుగా చెప్పే రాండమ్ ఫారెస్ట్ పద్ధతి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అందులో వందలాది నిర్ణయ వృక్షాలు (ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ జవాబుకు చేరే లెక్కలు) కలిసి పనిచేస్తాయి. ‘నమూనా అంచనా తప్పును సంచి వెలుపలి తప్పుతో అంచనా వేయవచ్చు’ అని రాస్తే ఎవరికీ అర్థం కాలేదు. ఎలా సరిచేయాలి? – ఒక పరిశోధక విద్యార్థిని, తార్నాక

సమాధానం: వ్యాకరణానికి లోటు లేదు, అర్థానికే వచ్చింది చిక్కు. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ‘మీ అంచనా తప్పు’ అంటే తీర్పు చెప్పేసినట్టే. మీకు కావలసింది తీర్పు కాదు, తేడా ఎంతన్న కొలత. దానికి ‘దోషం’ నప్పుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ‘యాదృచ్ఛిక దోషం’ చదివినవారికి అది పాత మాటే. జాతకదోషం గుర్తొస్తుందని కొందరంటారు కానీ, అద్దెల వ్యాసంలో ఆ భయం అక్కరలేదు.

అసలు ముడి ‘అంచనా’లో ఉంది. చెట్లు అద్దె చెప్పడమూ అంచనాయే, ఆ చెప్పడంలోని దోషానికి మనం కట్టే లెక్కా అంచనాయే. మొదటిదానికి ఆ మాట ఉంచి, రెండోదాన్ని ‘ఉజ్జాయింపుగా లెక్కగట్టడం’ అనండి. ‘నమూనా’ కూడా మోడలుకూ శాంపిలుకూ ఒకేలా వాడుతున్నాం. ఇక్కడ రెండూ పక్కపక్కనే వస్తాయి కాబట్టి ‘మోడల్’ అనే రాయండి.

ఇక సంచి, అంటే ఇంగ్లిషు ‘ఔట్ ఆఫ్ బ్యాగ్’లోని బ్యాగ్. ‘బూట్‌స్ట్రాప్ అగ్రిగేటింగ్’ను కుదించి గణాంక శాస్త్రవేత్త లియో బ్రైమన్ 1996లో ‘బ్యాగింగ్’ అన్నారు. అది మాటల చమత్కారం. అనువదిస్తే పాఠకుడు లేని సంచి కోసం వెతుకుతాడు. జరిగేది చెప్పండి చాలు. వెయ్యి ఇళ్ల వివరాలుంటే, ఒక్కో చెట్టుకు నేర్పడానికి వాటిలోంచి వెయ్యిసార్లు తీస్తారు, తీసినదాన్ని ప్రతిసారీ తిరిగి కలిపేస్తారు. దాంతో కొన్ని ఇళ్లు రెండు మూడుసార్లు వస్తాయి, సుమారు 37 శాతం ఆ చెట్టు కంటపడవు. చూసిన ఇంటి అద్దె చెప్పడం గొప్పేమీ కాదు కదా!

నేనైతే ఇలా రాస్తాను: ‘ప్రతి ఇంటి అద్దెనూ దాన్ని చూడని చెట్లచేతనే చెప్పించి, వాటి సగటును అసలు అద్దెతో పోల్చి, మోడల్ అంచనాలోని దోషాన్ని ఉజ్జాయింపుగా లెక్కగట్టవచ్చు. దీన్నే ఔట్ ఆఫ్ బ్యాగ్ దోషం అంటారు.’

వాక్యం పొడవైందని ‘ఉజ్జాయింపుగా’ను మాత్రం కొట్టేయకండి. ఒక్కో ఇంటి విషయంలో మూడోవంతుకు కాస్త పైగా చెట్లే నోరు విప్పుతాయి కనుక, మొత్తం చెట్లు తక్కువైతే దోషం ఉన్నదానికన్నా ఎక్కువగా తేలవచ్చు.