పర్లాకిమిడిలో ఉంటూ, చిన్నపిల్లలతో వర్చువల్ రన్‌లో పాల్గొనవచ్చా?

తప్పకుండా పాల్గొనవచ్చు. వర్చువల్ రన్ అంటే ఎవరి ఊళ్ళో వాళ్ళు పరిగెత్తే పోటీ. పరుగు నిజమైనదే, చోటు మాత్రం మీ ఇష్టం. పేరు నమోదు చేసుకుని 5, 10 లేదా 21.1 కిలోమీటర్లు ఎంచుకోండి. గడువులోపు వీలైన రోజున పరిగెత్తి, పరుగు దూరాన్ని, సమయాన్ని కొలిచే స్ట్రావా లాంటి యాప్‌లోని రికార్డు పంపండి. పతకం చాలావరకు పోస్టులో వస్తుంది. కరోనా వల్ల 2020లో బోస్టన్ మారథాన్ కూడా ఇలాగే జరిగింది. సెప్టెంబరు 5 నుంచి 14 లోపు ఎవరి ఊళ్ళో వాళ్ళు 42.195 కిలోమీటర్లు ఒకే విడతలో, ఆరు గంటల్లోపు పూర్తి చేయాలన్నది అప్పటి నియమం.

మనకి విశాఖలోనో భువనేశ్వర్‌లోనో పోటీ అంటే ముందురోజే బయల్దేరాలి, పిల్లల్ని ఎవరికైనా అప్పజెప్పాలి. ఇందులో ఆ బాధ లేదు. నేను వాళ్ళు లేవకముందే పరిగెత్తి వచ్చేస్తాను. ఆదివారం మాత్రం మా పాపని మైదానం గట్టు మీద కూర్చోబెడతాను. 400 మీటర్ల చుట్టు అయితే 5 కిలోమీటర్లకి పన్నెండున్నర చుట్లు. అవి తనే లెక్కపెడుతుంది, తెలుగులో మొదలెట్టి మధ్యలో ఒడియాలోకి వెళ్ళిపోతుంది. ఆ గొంతు వింటే కాళ్ళకి బలం వస్తుంది.

మనం ఆగినప్పుడు సమయం లెక్కని తనంతట తనే ఆపేసే ‘ఆటో పాజ్’ని యాప్‌లో తీసేయండి, చాలా పోటీల్లో ఆగిన సమయాన్నీ కలుపుతారు. దట్టమైన చెట్ల కింద జీపీఎస్ తప్పు చూపిస్తుంది కాబట్టి ఓ వంద మీటర్లు ఎక్కువే పరిగెత్తండి.