యాజకుడు విధవరాలిని పెళ్లి చేసుకోవచ్చా? – సమాధానం

ఇశ్రాయేలు యాజకులకు (పూజారులకు) నియమాలు చెప్పే బైబిలు పుస్తకం లేవీయకాండం 21వ అధ్యాయంలో 7వ వచనాన్నీ 14వ వచనాన్నీ ఒకే నియమంగా చదవడం వల్లే ఈ చిక్కు వచ్చింది. 7లో విధవరాలి మాట లేదు, 14లో ఉంది, మరి ఏది నిజం అని కదా మీ ప్రశ్న. రెండూ నిజమే. ఇలా చదివి చూడండి:

1. 1 నుంచి 9 వరకు మామూలు యాజకుల గురించి. జారస్త్రీ, భ్రష్టురాలు, భర్త విడనాడిన స్త్రీ వీళ్లకు కూడదు. విధవరాలిని నిషేధించలేదు.

2. 10వ వచనం దగ్గర ఆగండి. చాలామంది దాటేసేది ఇక్కడే. తల మీద అభిషేక తైలం పోయించుకున్న ప్రధాన యాజకుడి సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఆయనకు విధవరాలు కూడా కూడదు, తన ప్రజల్లోని కన్యకనే చేసుకోవాలి.

మైలలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. మామూలు యాజకుడు తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, పెళ్లికాని అక్కచెల్లెళ్లు చనిపోతే శవం దగ్గరికి వెళ్లవచ్చు. ప్రధాన యాజకుడు కన్న తల్లిదండ్రుల శవం దగ్గరికి కూడా వెళ్లకూడదు. చదువుతుంటే మనసు బరువెక్కే నియమం ఇది.

3. ఇదే విషయం చెప్పే మరో బైబిలు వచనం యెహెజ్కేలు 44:22. అది బబులోను చెరలో ఉన్న ప్రవక్త చూసిన కొత్త ఆలయ దర్శనంలోది. అక్కడ సాదోకు (దావీదు కాలపు యాజకుడు) సంతతి యాజకులందరికీ విధవరాలు కూడదు, యాజకుడి విధవరాలైతే ఫరవాలేదు. దాన్ని లేవీయకాండంతో కలపకుండా విడిగా చదవండి.