కరియను సాగనంపే వేళ ఎప్పుడు?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఇంటి కుక్క కరియకు పదమూడేళ్లు. కూనగా ఉన్నప్పుడు గుత్తి రోడ్డు పక్కన దొరికితే మా మామగారు ఎత్తుకొచ్చారు. వేసవికి ముందు చేయించిన పరీక్షల్లో మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. అప్పటి నుంచి సెలైన్ ఎక్కిస్తున్నాం. ఇప్పుడు అన్నం ముట్టడం లేదు, నీళ్లు తాగినా వాంతి చేసుకుంటోంది, లేవలేక పడుకున్నచోటే మూత్రం పోస్తోంది. ఇక నయం కాదని, కారుణ్య మరణం గురించి ఆలోచించమని డాక్టరుగారు చెప్పారు. ప్రాణం తీయడం పాపం, దానంతట దాన్నే పోనివ్వమని మా అత్తగారు అంటున్నారు. మావారు ఏదీ తేల్చడం లేదు. ఆ సూది వల్ల దానికి బాధ కలుగుతుందా? తొమ్మిదేళ్ల మా బాబుకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: అమ్మా, దానంతట అదే పోవడమంటే నిద్రలో ప్రశాంతంగా కన్నుమూయడమని చాలామంది అనుకుంటారు. మూత్రపిండాలు పూర్తిగా చెడిన కుక్కకు అలాంటి చావు అరుదుగా దొరుకుతుంది. బయటికి పోవలసిన మలినాలు రక్తంలోనే పేరుకుపోవడం వల్ల నోట్లో, కడుపులో పుండ్లు పడతాయి, వికారం ఒక్క క్షణమూ వదలదు, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు, ఇదంతా కొన్ని రోజులపాటు సాగవచ్చు. మీ అత్తగారి సందేహం తీసిపారేయదగినది కాదు. 1928లో సబర్మతీ ఆశ్రమంలో నయం కాని జబ్బుతో విలవిలలాడుతున్న ఒక లేగదూడకు గాంధీజీ దగ్గరుండి వైద్యునిచేత సూది వేయించారు. అహింసను బోధించే మనిషి ఇలా చేయవచ్చునా అని విమర్శలు వెల్లువెత్తినప్పుడు, బాధ తీరే మార్గం మరేదీ లేనప్పుడు ఇది హింస కాదని తన పత్రికలోనే రాశారు. ఈ మాటతో ఆమె ఒప్పుకొంటారని చెప్పలేను గానీ, ఆయన సంగతి ఆమెకు చెప్పి చూడండి.

ఎప్పుడన్న ప్రశ్నకు వైద్యులు వాడే ఒక కొలమానం ఉంది. జంతువుల క్యాన్సర్‌కు వైద్యం చేసే అమెరికా వైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ దీన్ని రూపొందించారు. నొప్పి అదుపులో ఉండటం, ఆకలి, ఒంట్లో తగినంత నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం అనే ఏడు అంశాలకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే ఇంకా బతుకు భరించదగినదిగానే ఉందని లెక్క. నా దృష్టిలో ఆ అంకె కన్నా అది చేయించే పని విలువైనది. మీరు, మీవారు, అత్తగారు ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా మార్కులు వేసి, ఆ తరువాత కూర్చుని మాట్లాడుకోండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆకలి, నీరు, శుభ్రత, కదలిక అన్న నాలుగింటికీ వేయడానికి మార్కులే మిగల్లేదు. కాబట్టి వారాల తరబడి ఆగవద్దనే నా సలహా. మరో వైద్యుని అభిప్రాయం కావాలనిపిస్తే రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని మీలో ఒకరు ప్రొద్దుటూరులోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య కళాశాలకు వెళ్లి రావచ్చు. ఈ స్థితిలో కరియను ఎండలో బెంగళూరుదాకా తిప్పడం మాత్రం వద్దు. ఈలోగా వాంతులకు, నొప్పికి మీ డాక్టరు రాసిన మందులే వాడండి. ఇంట్లో ఉన్నాయి కదా అని మనుషులు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేస్తే ఉన్న మూత్రపిండాలు ఇంకా పాడవుతాయి.

ఇక సూది సంగతి. మొదట మత్తు ఇస్తారు, అప్పుడు సూది గుచ్చిన చురుకు తప్ప మరో బాధ ఉండదు. అది మగతలోకి జారుకున్నాక థయోపెంటోన్ వంటి మత్తుమందును శస్త్రచికిత్సకు వాడే మోతాదు కన్నా చాలా ఎక్కువగా నరంలోకి ఎక్కిస్తారు. కొన్ని సెకన్లలో స్పృహ పూర్తిగా పోతుంది, ఆ తరువాతే ఊపిరి, గుండె ఆగుతాయి, కొద్ది నిమిషాల్లో వైద్యుడు స్టెతస్కోపు పెట్టి చూసి నిర్ధారిస్తారు. ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు నరం దొరకడం కష్టం కాబట్టి, సెలైన్ కోసం నరంలో పెట్టిన సన్నని గొట్టం (క్యాన్యులా) ఉంటే తీయవద్దని చెప్పండి. ముందే తెలియకపోతే భయపెట్టే సంగతులు కొన్ని ఉన్నాయి: కళ్లు మూతపడవు, మలమూత్రాలు పోవచ్చు, ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఎగశ్వాస తీసినట్టు కనిపించవచ్చు, కండరాలు అదరవచ్చు. స్పృహ పోయాక జరిగేవి కనుక అవి దానికి తెలియవు. వీలైతే డాక్టరుగారినే ఇంటికి రమ్మని అడగండి. అలవాటైన గోనెపట్టా మీద, మీ గొంతు వినిపిస్తూ ఉంటే దానికి బెదురు తక్కువగా ఉంటుంది.

బాబుకు "నిద్రపుచ్చారు" అని చెప్పవద్దు, ఆ మాట విన్న పిల్లలు తామే పడుకోవడానికి భయపడతారు. ఊరికి పంపామని చెబితే అది ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంటాడు. కరియకు జబ్బు నయం కాదని, బాధ పడకుండా చనిపోయేలా డాక్టరుగారు సాయం చేస్తారని చెబితే ఆ వయసు వాడికి అర్థమవుతుంది. దగ్గర ఉంటాడో లేదో వాడినే అడగండి.

పూడ్చడానికి గుంత ముందే తవ్వించండి. మన ఎండలకు శవాన్ని ఎక్కువసేపు ఉంచలేం, గట్టినేలలో గుంత లోతుగా తీయడానికి మనుషులకు సమయం పడుతుంది. బావికి, బోరుకు దూరంగా నాలుగడుగులకు తగ్గకుండా తీసి, పైన రాళ్లు పేర్చాలి. ఎందుకంటే ఆ మందు కళేబరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. నక్కో, వీధికుక్కో తవ్వి తింటే అదీ చచ్చిపోతుంది.

ప్రశ్న: పశువులకు సూదులు వేసే ఒకాయన తక్కువ ఖర్చుతో మా ముసలి కుక్క పని ముగిస్తానంటున్నారు. ఆయనకు డిగ్రీ లేదు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

సమాధానం: చేయించవద్దు. రిజిస్టరైన పశువైద్యుడు మాత్రమే చేయవలసిన పని ఇది, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం వైద్యం చేసే హక్కును వారికే ఇచ్చింది. పైగా ఖర్చు తగ్గించుకోవడానికి ముందు మత్తు ఇవ్వకుండానే మెగ్నీషియం సల్ఫేటో పొటాషియం క్లోరైడో ఎక్కించేవారు ఉంటారు. మెగ్నీషియం కండరాలను పడగొట్టడంతో ఊపిరాడక పోతుంది, స్పృహ మాత్రం ఉంటుంది, అరవలేదు కాబట్టి చూసేవాళ్లకు ప్రశాంతంగా పోయినట్టే అనిపిస్తుంది. జంతువును అనవసరమైన క్రూరత్వంతో చంపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. వైద్యుని దగ్గరికి వెళ్లినా సరే, ముందు మత్తు ఇస్తారా, ఆ తరువాత ఏ మందు వాడతారు అని ఫోనులోనే అడిగి, రెండింటికీ సూటిగా జవాబు వస్తేనే తీసుకువెళ్లండి.