క్లిప్పుల రకం తర్వాత చూద్దాం, ముందు ఆ వైరు సంగతి చెప్పండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. గుంటూరులో ఉన్నప్పుడు ఎత్తు పళ్లకు మెటల్ క్లిప్పులు వేయించుకున్నాను. ఉద్యోగానికి బెంగళూరు వచ్చి 8 నెలలైంది, అప్పటి నుంచి చెకప్‌కు వెళ్లలేదు. పళ్లు దాదాపు వరసలోకి వచ్చేశాయి. ఒక క్లిప్పు ఊడిపోయి వైరు బుగ్గకు గుచ్చుకుంటుంటే గోళ్ల కట్టర్‌తో కత్తిరించేశాను. బ్రష్ చేస్తే కొంచెం రక్తం వస్తుంది. ఆఫీసులో మెటల్ క్లిప్పులతో నవ్వాలంటే మొహమాటంగా ఉంది. సిరామిక్, సెల్ఫ్ లైగేటింగ్, లింగువల్, అలైనర్లలో ఏది మంచిది? - ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీరు అడిగింది రకాల గురించి. నా కళ్లు మాత్రం 8 నెలలు, గోళ్ల కట్టర్, రక్తం దగ్గరే ఆగిపోయాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తే వైరు కూడా పని మానేస్తుందని చాలామంది అనుకుంటారు. మానదు. మొదట్లో వేసే నికెల్ టైటానియం వైరుకు తన పాత ఆకారానికి తిరిగి వెళ్లే గుణం ఉంటుంది, అందుకే నెలల తరబడి పన్నును నెడుతూనే ఉంటుంది. మామూలుగా 4 నుంచి 6 వారాలకోసారి మేం చూసేది అది ఎటు నెడుతోందోనని. క్లిప్పు ఊడిన పన్నుకు పట్టు పోయింది, పక్కవి వాటి దారి అవి చూసుకుంటాయి. పళ్లు తీయించుకుని ఉంటే ఆ ఖాళీని మూసే రబ్బరు చైను ఈపాటికి సాగిపోయి ఉంటుంది. అద్దంలో ముందు పళ్లు వరసగా కనిపించవచ్చు. దవడ పళ్లు ఎలా కలుస్తున్నాయో అద్దం చెప్పదు. వేర్లు ఏమైనా కరిగాయా అన్నది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

కత్తిరించిన ముక్క బయటికి వచ్చిందా? మీరు రాయలేదు. ఆ రోజు నుంచి దగ్గు గానీ, ఆయాసం గానీ ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ ఎప్పుడైనా వైరు గుచ్చుకుంటే దాని మీద ఆర్థో వ్యాక్స్ (క్లిప్పుల కోసం దొరికే మెత్తటి మైనం) అద్దండి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కట్టర్ గోళ్లకే ఉంచండి బాబూ.

ఇక రక్తం. క్లిప్పుకూ చిగురుకూ మధ్య ఉన్న సన్నటి సందులో పాచి పేరుకుంటుంది. చిగురు ఉబ్బి క్లిప్పు మీదికి ఎక్కుతుంది, అప్పుడు బ్రష్ అక్కడికి అసలే అందదు. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. చివరికి క్లిప్పు తీసి చూస్తే అది అంటిన మేర పన్ను బాగానే ఉంటుంది, దాని చుట్టూ చట్రం గీసినట్టు సున్నపు తెలుపు మచ్చ. పళ్లు వరసలోకి వస్తాయి, ఆ మచ్చ మాత్రం చాలావరకు ఉండిపోతుంది. నవ్వడానికి మొహమాటమన్నారు కదా, దీని గురించి ఆలోచించండి.

రక్తం అనగానే మెడికల్ షాపుకు వెళ్లి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, ఏదో గమ్ జెల్ తెచ్చుకునేవాళ్లు నా ఓపీలో రోజూ కనిపిస్తారు. వాపు రెండు రోజులు తగ్గుతుంది, గార అలాగే ఉంటుంది, రావడం ఇంకో రెండు నెలలు వాయిదా పడుతుంది. మీరూ అలా చేసి ఉంటే ఏం వాడారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, బీపీకి ఆమ్లోడిపిన్ లాంటివి వాడుతుంటే అదీ చెప్పాలి, వాటితోనూ కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. పన్ను కదులుతున్నా, చీము కనిపించినా ఈ వారమే వెళ్లండి.

సరే, రకాలు. సిరామిక్ పనితీరు మెటల్ లాంటిదే, క్లిప్పు పన్ను రంగులో ఉంటుందంతే. వైరు ఎక్కువగా కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే తెల్ల రబ్బర్లు రెండు పూటల సాంబారుకే పచ్చబడతాయి. పైగా పెళుసు. సెల్ఫ్ లైగేటింగ్‌లో రబ్బరు బదులు చిన్న తలుపు ఉంటుంది. చికిత్స త్వరగా అయిపోతుందని ప్రచారం చేస్తారు గానీ దానికి గట్టి రుజువు లేదు. లింగువల్ పళ్ల వెనక వేస్తారు, బయటికి కనపడదు, నాలుక ఒరుసుకుంటుంది, ఖర్చూ ఎక్కువే. అలైనర్లంటే తీసి పెట్టుకునే పారదర్శక తొడుగులు, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. 8 నెలలు చెకప్ ఎగ్గొట్టిన మనిషికి అవి రాయాలంటే, నిజం చెప్పాలంటే, నాకు చెయ్యి రాదు. ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఇంట్లోనే అచ్చు తీసుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

మధ్యలో రకం మార్చవచ్చా? కొందరికి కుదురుతుంది. మీ నోరు చూడకుండా నేను చెప్పలేను. ఆర్థోడాంటిక్స్‌లో, అంటే పళ్ల వరస సరిచేసే విభాగంలో, ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేసిన వారిని కలవండి. ముందు చిగుళ్లు శుభ్రం చేస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఆ తర్వాతే మిగతా మాట. ఖర్చు ఇబ్బందైతే ఫోర్ట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కాస్త ఓపికతో వెళ్లండి. అప్పటిదాకా చెగోడీలు, పల్లీ చిక్కీ పక్కన పెట్టండి, పళ్ల సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్ ఒకటి కొనండి.

ఆ గుంటూరు డాక్టర్‌కు ఈరోజే ఫోన్ చేసి పాత ఎక్స్‌రేలు, అచ్చులు, ఏ పళ్లు తీశారో రాసిన కాగితం అడగండి. ఇన్నాళ్లూ ఏమైపోయావని రెండు మాటలు అంటారేమో. అన్నా ఫైలు ఇస్తారు.