పెన్సిల్‌తో దిద్దిన పేజీ

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన పదకొండు కథలూ పోయిన వారం అందాయి. కథలు రెండుసార్లు చదివాను, ఉత్తరం మాత్రం నాలుగుసార్లు చదివాను. "ఫోనులో నా కథలు వేలమంది చదువుతున్నారు మాస్టారూ, అమ్మ చీటీ పాడి ఇస్తానంటున్న డబ్బుతో ఐదు వందల ప్రతులు అచ్చు వేయించి ఇంట్లో పేర్చుకోవడం న్యాయమేనా?" అని అడిగావు. ఈ మాట అడగడానికి నువ్వు ఎంత మథనపడి ఉంటావో నాకు తెలుసు కనుక, మొహమాటం లేకుండానే జవాబు రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. తెలుగులో ఈనాడు వచ్చే కథా సంపుటాలలో చాలా భాగం రచయితలు సొంత ఖర్చుతో వేసుకున్నవే. అమ్మకందారు కమీషను పోగా చేతికి వచ్చేది తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. 1984లో నా మొదటి పుస్తకం వెయ్యి ప్రతులు వేశాను. నాలుగు వందలు ఎలాగో చెల్లాయి. మిగిలిన కట్టలు మా వంటింటి గోడ వారగా పదేళ్లకు పైగా ఉన్నాయి. మా ఆవిడ వాటి మీద ఆవకాయ జాడీ పెట్టుకునేది, ఎత్తు సరిగ్గా సరిపోయిందట. "తైలాద్రక్షేత్, జలాద్రక్షేత్, రక్షేత్ శిథిల బంధనాత్" అని పూర్వం లేఖకులు పుస్తకం చేతనే మొర పెట్టించారు. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడండి అని దాని అర్థం. నా పుస్తకానికి ఆ మూడూ తప్పలేదు. పైగా బైండింగులో ఓ రెండు వందల ప్రతులకు 65 నుంచి 80 వరకు పేజీలు రెండేసిసార్లు పడ్డాయి, 81 నుంచి 96 దాకా అసలు లేవు. ఒక ఫారం, అంటే పదహారు పేజీల మడత, బదులు ఇంకొకటి కుట్టేశారన్నమాట. కథ మధ్యలో మనిషి చనిపోయి, వెంటనే మళ్లీ లేచి అన్నం తినేవాడు. కాబట్టి లాభం కోసమైతే పుస్తకం వేయవద్దు. మీ అమ్మగారి చీటీ డబ్బు తిరిగి రాదనుకునే వేయాలి. ఆమెకు కూడా ఆ మాట ముందే చెప్పాలి.

కొత్త పుస్తకం వాసన గురించి, కాగితపు స్పర్శ గురించి నేను రాస్తానని ఎదురుచూడకు. వాసన కోసమే అయితే మల్లెపూలు చవక. పుస్తకం వేయమని నేను చెప్పడానికి కారణం వేరే ఉంది. అది నాకు ఆలస్యంగా, కాస్త సిగ్గుపడుతూ తెలిసింది.

ఆ మొదటి పుస్తకంలో పొగాకు రైతు కథ ఒకటి ఉంది. మాది పొగాకు పండే ప్రాంతమే అయినా నేను బడిపంతుల్ని. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌ను రోడ్డు మీద పోతూ చూడడమే తప్ప, లోపల ఏం జరుగుతుందో కూర్చుని చూసినవాడిని కాదు. కథలో నా రైతు సోమవారం బ్యారన్ నింపి, బుధవారం ఆకు దించి, గురువారం అప్పులవాడికి ఎదురుపడతాడు. గురువారం నాటి ఆ సన్నివేశం బాగుందని సభలో ఇద్దరు పెద్దలు మెచ్చుకున్నారు కూడా. పన్నెండేళ్ల తర్వాత కందుకూరు వైపు ఒక చిన్న ఊరికి పెళ్లికి వెళ్లాను. ముహూర్తానికి ఇంకా పొద్దు ఉండడంతో అక్కడి శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టాను. బీరువాలో నా పుస్తకం కనిపించింది. అట్టకు గోధుమరంగు కాగితం తొడిగి, వీపు మీద సిరాతో నంబరు వేసి ఉంది. చివరి పేజీకి అంటించిన గడువు చీటీ మీద తొమ్మిది తేదీ ముద్రలు ఉన్నాయి. మొదట సంతోషంతో వాటిని లెక్కపెట్టాను. తర్వాత పేజీలు తిప్పుతుంటే 43వ పేజీ అంచున పెన్సిల్‌తో రాసిన గుండ్రటి అక్షరాలు కనిపించాయి: "రెండు రోజులకు ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది, అంతే. ఈనె ఎండాలంటే ఐదారు రోజులు కావాలి. రాసినాయన బ్యారన్ చూడలేదు."

పెళ్లి భోజనం సహించలేదు. కోపం రాలేదని అంటే అబద్ధం అవుతుంది. కానీ ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తున్నప్పుడు నా ఆలోచన కోపం దాటి ఇంకో వైపుకు మళ్లింది. ఎవరో ఒక రైతు, లేదా రైతు కొడుకు, పగలంతా పనిచేసి వచ్చి, పుస్తకం అరువు తెచ్చుకుని, బ్యారన్ పేరు చూడగానే ఇది మన సంగతే అనుకుని ఆశగా చదివాడు. నేను తప్పాను. అతను పుస్తకాన్ని విసిరికొట్టలేదు. తర్వాత చదివేవాడు మోసపోకుండా అంచున సరైన లెక్క రాసిపెట్టి, గడువులోగా తిరిగి ఇచ్చాడు. నా ముఖం అతను చూడలేదు, అతని పేరు నాకు తెలియదు. అయినా నా రాతను అతనంత శ్రద్ధగా అంతవరకు ఎవరూ చదివి ఉండరు. మరుసటి పంటకు టంగుటూరు దగ్గర తెలిసినవారి బ్యారన్‌లో ఆరు రాత్రులు పడుకున్నాను. కర్రలకు అల్లిన పచ్చి ఆకు వరుసలు వరుసలుగా వేలాడడం, పొయ్యి వేడి పెంచుతూ పోవడం, ఆకు ముందు పండడం, ఆ తర్వాత ఆరడం, అన్నిటికంటే చివర ఈనె పెళుసెక్కడం కళ్లారా చూశాను. రెండో ముద్రణ 2003లో వచ్చింది. అందులో రైతు వారం రోజులు కాపలా కాస్తాడు, అప్పులవాడు ఆ మధ్యలోనే రెండుసార్లు వచ్చి పోతాడు. కథ బాగుపడింది.

ఇదే కథ ఈ రోజు ఫోనులో వచ్చి ఉంటే ఏం జరిగేదో ఆలోచించు. ఎవరో ఒక మాట రాసేవారు, నేను వెంటనే "రెండు" తీసి "ఆరు" పెట్టి, ధన్యవాదాలు చెప్పి ఊరుకునేవాడిని. బ్యారన్‌కు వెళ్లేవాడినే కాదు. అంకె మారేది, కథ మారేది కాదు. అచ్చయిన తప్పు మాత్రం ఆ ఊరి బీరువాలో పన్నెండేళ్లు నా పేరు మోస్తూ కూర్చుంది. తీసేయడానికి వీలులేదు కాబట్టే దాని బరువు నా మీద పడింది. అచ్చుకు పంపబోయే ముందు రచయిత చేతికి వచ్చే వణుకు ఉంది చూడు, దానికోసమే పుస్తకం వేయాలని నేనంటాను. ఇక దిద్దలేనని తెలిసినప్పుడు మనిషి తన వాక్యాన్ని చదివే తీరు వేరు.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. గురజాడ కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది. పన్నెండేళ్లు పోయాక, 1909లో, ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాసి మళ్లీ అచ్చు వేయించారు. మనం ఈనాడు తలచుకునే మధురవాణి చాలావరకు ఆ రెండో కూర్పు మనిషే. మొదటి కూర్పు కూడా దొరుకుతోంది కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆయన ఏం తీసేశారో, ఎక్కడ ఆగి మళ్లీ ఆలోచించారో నువ్వు చూడవచ్చు. రాయడం నేర్చుకోవడానికి అంతకు మించిన బడి నాకు తెలియదు. ఆయన ఒకే ప్రతిని పదేపదే చెరిపి దిద్దుకుంటూ పోయి ఉంటే మనకు చివరిది మాత్రమే మిగిలేది, దారి కనిపించేది కాదు.

ఇక నీ కథల విషయానికి వస్తాను. మూడో కథలో మీ అమ్మగారు రాట్నం ముందు కూర్చునే సన్నివేశం ఉంది. అక్కడ నువ్వు "దారం చుట్టే పని" అని రాశావు. మగ్గాల ఇంట పుట్టిన పిల్లవు, కండెలు చుట్టడం అని ఎందుకు రాయలేదు? ఆసు పోయడం, పడుగు, పేక, గుంట మగ్గం, ఇవేవీ నీ పదకొండు కథలలో ఒక్కచోటైనా లేవు. కారణం నువ్వే ఉత్తరంలో చెప్పావు, తెలియని మాట తగిలితే ఫోనులో చదివేవారు వేలితో పైకి తోసి వెళ్లిపోతారని. నిజమే కావచ్చు. పుస్తకం చదివేవాడు అలా కాదు. డబ్బు పెట్టి కొనో, అడిగి తెచ్చుకునో కూర్చున్నవాడు తెలియని మాట దగ్గర ఒక నిమిషం ఆగుతాడు, వెనక్కి నాలుగు పేజీలు తిప్పుతాడు, రెండోసారి వచ్చేసరికి ఆ మాట అతని సొంతమవుతుంది. అతని మీద ఆ మాత్రం నమ్మకం పెట్టు. మీ మగ్గంలో పడుగు పోగులు దూర్చే పళ్ల చట్రాన్నీ అచ్చు అనే అంటారు కదా. ఒక్కొక్క పోగునూ దాని సందులోంచి తప్పకుండా లాగితేనే బట్ట నేతకు వస్తుంది. ఈ అచ్చు సంగతీ అంతే అని నీకు వేరే చెప్పనక్కరలేదు.

నిలిచి ఉండడం గురించి కూడా అడిగావు. పుస్తకం చిరంజీవి అని చెప్పి నిన్ను మభ్యపెట్టను. నా చిన్ననాటి చవక ముద్రణలు చేత్తో ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. చెదలకు సాహిత్యాభిరుచి లేదు. తాటాకు గ్రంథాల చివర లేఖకులు రాసుకునే శ్లోకం ఒకటి ఉంది: "భగ్న పృష్ఠ కటి గ్రీవః స్తబ్ధ దృష్టి రధోముఖః, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్". వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు కొయ్యబారేలా తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అంటున్నాడు. గ్రంథం దానంతట అది నిలుస్తుందని ఆయనకూ నమ్మకం లేదు, కాపాడేవారు ఉంటేనే నిలుస్తుందని తెలుసు. అలా కాపాడినవారు నీ పక్కనే ఉన్నారు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. చీరాల నుంచి అంత దగ్గరలో ఉండి కూడా నువ్వు ఇంతవరకు వెళ్లలేదని రాయడం నాకు కష్టం కలిగించింది. వెళ్లి, పాత పత్రికల సంపుటాలు అడిగి, ఒక పూట కూర్చో.

కంప్యూటర్లను నేను తప్పుపట్టడం లేదు. 2000 తర్వాతి దశాబ్దంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట మన గ్రంథాలయాలలోని పాత తెలుగు పుస్తకాలను వేలాదిగా స్కాన్ చేశారు. ఆ వెబ్‌సైటు తర్వాత కనిపించకుండా పోయినా, ఆ ప్రతులు ఇంకోచోట దొరుకుతూ ఉండడం వల్లనే నేను ఈ వయసులో ఇంట్లో కూర్చుని వాటిని చదవగలుగుతున్నాను. అయితే స్కాన్ చేయడానికి బీరువాలో ఒక ప్రతి ఉండాలి కదా. ఎవరో వందేళ్ల కిందట అచ్చు వేయించి, ఇంకెవరో దుమ్ము దులిపి దాచిపెట్టారు కాబట్టే అది తెర మీదకు వచ్చింది. గూగుల్ ప్లస్ అనే సామాజిక మాధ్యమం 2019లో మూతపడినప్పుడు అక్కడ మాత్రమే రాసుకున్నవారి రాతలకు అలాంటి బీరువా ఏదీ లేకపోయింది.

పని సంగతులు కొన్ని చెబుతాను. పుస్తకం పదహారు పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. నీ కథలు 160 పేజీలకు సరిపోతాయి, అంటే పది ఫారాలు. ఐదు వందలు వద్దు, మూడు వందల ప్రతులు వేయించు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసిన దాన్ని డీటీపీ చేసేవారు 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని వత్తులు, పొల్లులు నీకు చెప్పకుండా మాయమవుతాయి. నా కాలంలో కంపోజిటర్ చేతిలోంచి సీసపు వత్తు జారిపోతే కింద వెతికి తెచ్చుకునేవాడు. ఇప్పుడు పోయింది పోయినట్టే ఉంటుంది. అందుచేత ఫోను తెర మీద కాక, కాగితం మీద తీయించిన ప్రూఫునే చూడు. నువ్వు మూలాన్ని పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి రావాలి. ముందుమాటలు ఒకటికి మించి వద్దు. నాలుగు ముందుమాటలతో వచ్చే నూట అరవై పేజీల పుస్తకం, పూరిపాకకు కట్టిన రాజగోపురంలా ఉంటుంది. ఆ ఒక్కటీ నన్ను అడగకపోతే ఇంకా సంతోషిస్తాను.

పుస్తకం రాగానే ఆవిష్కరణ సభ గురించి ఆలోచించే ముందు ఇంకో పని ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజులలోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీలలో నిర్ణయించిన గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకునేవారిలో చాలామంది దీన్ని పట్టించుకోరు. నువ్వు పట్టించుకో. తర్వాత వేటపాలెంలో ఒకటి, మీ జిల్లాలోని శాఖా గ్రంథాలయాలలో వీలైనన్నిటికి ఒక్కొక్కటి ఇవ్వు. బంధువులకు పంచే ప్రతుల కంటే ఇవి ఎక్కువ తిరుగుతాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పొలం పని ముగించుకున్నవారు గట్టు దగ్గరకు వచ్చి పుస్తకం తీసుకుని, పడవ మళ్లీ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేవారు. ఆ పుస్తకాలు రాసినవారిలో ఎంతమందికి తమ పాఠకుడు మోకాలిదాకా బురదతో గట్టు మీద నిలబడి ఉన్నాడని తెలుసు?

ప్రూఫులు తయారయ్యాక నాకొక ప్రతి పంపు, ఎర్ర పెన్నుతో చదివి తిప్పి పంపుతాను. అంతకు ముందు మూడో కథ మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆమె ఒక పూటలో నలభై కండెలు చుట్టినట్టు రాశావు. ఆ లెక్క నువ్వు ఆమెను అడిగి రాసినదా, ఊహించి రాసినదా?

ఆశీస్సులతో,
మాస్టారు